లంక చుట్ట, సర్కారు సుంకం

కోటిపల్లి రేవు దాపుల, గౌతమి పాయలో ఒక లంక మాది. ఏటా గోదావరికి మునిగి, ఏటా తేలే భూమి. వరద తీశాక మిగిలిన ఒండ్రుమట్టిని చూస్తే మా తాతయ్య మొహం వెలిగిపోయేది. ఆ మట్టిలో పండిన ఆకుకే లంక పొగాకని పేరు. ఒకప్పుడు కాకినాడ రేవులో ఓడలెక్కి రంగూను దాకా వెళ్ళి, అక్కడ చుట్టలై కాలిన ఆకు అది. రాత్రి భోజనమయ్యాక నేను ఇవాళ్టికీ కాల్చేది ఆ ఆకుతో చుట్టిన చుట్టే. సిగరెట్టు నాకెప్పుడూ పట్టుబడలేదు.

పొగాకు చట్టాల గురించి, పన్నుల గురించి ఎవరు మాట్లాడినా సిగరెట్టు పెట్టెను ఎదురుగా పెట్టుకునే మాట్లాడతారు. చుట్ట ఎవరికీ గుర్తురాదు. దాని తరఫున నాలుగు మాటలు రాయాలని ఎన్నాళ్ళుగానో ఉంది. చుట్ట ఒంటికి మంచిదని మాత్రం రాయను. అది చేసే చెరుపు ఎలాంటిదో కళ్ళారా చూసినవాణ్ణి. ఆ సంగతీ చెబుతాను.

మా ఇంట్లో పొగాకంటే ఏడాది పొడుగునా పని. నాటిన కొత్తలో కావిళ్ళతో నీళ్ళు మోసి మొక్కమొక్కకీ చెంబుతో పోసేవారు. ఆ తరవాత మట్టిలోని తేమే దాన్ని సాకాలి. పూమొగ్గ కనబడగానే తల తుంచాలి. పక్కన పిలకలు లేస్తే గిల్లెయ్యాలి. అప్పుడే ఆకు దళసరిగా ఎదిగి ఘాటు పడుతుంది. పిలకలు గిల్లడానికి పిల్లల్ని కూడా దింపేవారు. సాయంత్రానికి వేళ్ళకి జిగురు పట్టి నల్లగా అయిపోయేవి. బూడిదతో తోమినా, చింతపండు రాసినా పూర్తిగా వదిలేది కాదు. ఆ చేత్తో అన్నం కలిపితే చేదు. అందుకని ఆ రోజుల్లో మామ్మే కలిపి మా అందరికీ వరసగా ముద్దలు పెట్టేది.

ఆకు కోసి, తాళ్ళకి గుచ్చి, పందిట్లో ఆరబెట్టాక మండె వేస్తారు. ఆరిన ఆకును కట్టలుగా పేర్చి, పైన గోనెలు కప్పి వదిలేస్తే లోపల దానంతటదే వేడెక్కుతుంది. తాతయ్య మోచేతి దాకా చెయ్యి మండెలోకి దూర్చి, కళ్ళు మూసుకుని ఆ వేడి చూసేవాడు. "రేపు తిరగెయ్యాల్రా" అన్నాడంటే రేపు తిరగెయ్యాల్సిందే. ఆలస్యమైతే ఆకు కమిలిపోతుంది. తిరగేసిన ప్రతిసారీ వాసన మారేది. మొదట్లో ముక్కు మండి తుమ్ములు వచ్చేవి. ఆఖర్న వచ్చే వాసన మాత్రం బెల్లప్పాకం కాగేటప్పుడు వచ్చే వాసనలా ఉండేది. పాకలోకి వెళ్ళి ఊరికే నిలబడబుద్ధేసేది. మనిషి ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంటే తప్ప ఆ ఆకు చుట్టకు పనికొచ్చే ఆకు కాదు.

సర్కారంటే ఏమిటో నేను మొదట చూసింది ఆ మండెల దగ్గరే. 1943లో, యుద్ధం జరుగుతుండగా, తెల్లవాళ్ళ ప్రభుత్వం పొగాకు మీద ఎక్సైజు సుంకం వేసింది. మరుసటేడు దాన్ని తెచ్చి ఉప్పుతో కలిపి సెంట్రల్ ఎక్సైజు చట్టంలో పెట్టింది. వాళ్ళు వెళ్ళిపోయారు, సుంకం ఉండిపోయింది. ఆ సుంకం ఫ్యాక్టరీ గేటు దాకా ఆగేది కాదు. రైతు పాక దగ్గరే మొదలయ్యేది. ఎంత నేల వేశావు, ఎంత ఆకు దిగింది, ఎవరికి అమ్మావు, అన్నీ పుస్తకానికెక్కాలి. పర్మిట్టు కాయితం లేకుండా ఆకు కదలకూడదు. ఇనస్పెక్టరుగారు పడవలో దిగేవారు. మర్యాదస్తుడే, పిల్లల్ని పలకరించేవారు. కొబ్బరిబొండం కొట్టి ఇస్తే తాగి, నులకమంచం మీద కూర్చుని పుస్తకం తెరిచేవారు. ఆ క్షణం నుంచి మా తాతయ్య వేరే మనిషి అయిపోయేవాడు. ఊళ్ళో నలుగురికి తగవులు తీర్చే మనిషి, ఆ పుస్తకం ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

గొడవంతా తూకం దగ్గర. ఆకులో తేమ పోయినకొద్దీ బరువు తగ్గుతుంది. ఆ సంగతి ఇనస్పెక్టరుగారికీ తెలుసు. అయినా పుస్తకంలో ఉన్న తూకానికీ పాకలో ఉన్న తూకానికీ తేడా వస్తే జవాబు చెప్పాల్సింది తాతయ్యే. దొంగ అని ఎవరూ అనలేదు. కానీ దొంగ కానని ఏటా చెప్పుకోవలసి వచ్చేది. ఆయన వెళ్ళిపోయాక తాతయ్య అరుగు మీద కూర్చుని, చెవిలోంచి చుట్ట తీసి ముట్టించేవాడు. అందాకా ముట్టేవాడు కాదు. తాను పండించిన ఆకును తాను కాల్చుకోవడానికి కూడా ఆ మనిషి ఎదట చెయ్యి రాలేదు ఆయనకి. అది నాకు చిన్నప్పుడే మనసులో నాటుకుపోయింది.

1979లో చరణ్ సింగ్ ఆర్థికమంత్రిగా పెట్టిన బడ్జెట్టులో ఆకు మీద ఎక్సైజు ఎత్తేశారు. కంపెనీలు తయారుచేసే సరుకు మీద పన్ను ఉంచి, రైతు పాకను వదిలేశారు. అప్పటికి తాతయ్య లేడు. నాన్న రేడియోలో వార్తలు విని, ట్రంకుపెట్టె తెరిచి, తాతయ్య లైసెన్సు కాయితాలు బయటికి తీసి చాలాసేపు చూశాడు. చింపుతాడేమో అనుకున్నాను. మళ్ళీ మడతపెట్టి అందులోనే పెట్టేశాడు. పన్ను ఎంతన్నది ఒక సంగతి, అది వచ్చి ఎవరి గుమ్మంలో నిలబడుతుందన్నది వేరే సంగతి. నా అభిప్రాయాలన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే.

మా వీధి చివర చుట్టలు చుట్టే ఆవిడ ఉండేది. ఊరందరికీ చుట్టల మామ్మ. మట్టి అరుగు మీద తడి గోనె పరుచుకుని, ఆకు మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడే దాకా ఆగేది. తరవాత ఈనెను కొస దగ్గర పట్టుకుని ఒక్క లాగులో చీల్చేసేది. ఆకు చిరిగేది కాదు. విరిగిన ఆకులు, చిన్న ముక్కలు లోపలికి. మచ్చ లేని, సన్నటి నరాల ఆకు పైకి. పీట మీద అరచేత్తో రెండుసార్లు దొర్లించి, కొసకి గంజిచుక్క అంటించి, పక్కన పెట్టేది. బిగువు ఎక్కువైతే చుట్ట లాగదు. వదులైతే భగ్గున కాలి నాలుక మండిస్తుంది. ఆ మధ్య బిగువు ఆవిడ వేళ్ళకే తెలుసు. ఎవరు ఎంత బిగువు అడుగుతారో కూడా ఆవిడకి గుర్తే. తాతయ్యకి పొడుగ్గా, కాస్త బిగించి. పడవ నడిపేవాళ్ళకి పొట్టిగా, గాలికి త్వరగా ఆరిపోకుండా లావుగా.

ఆ అరుగు మీద ఎప్పుడూ కుంపటి రాజుతూ ఉండేది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు లేదని ఇంకొకడు ఏడ్చాడని సామెత ఉంది కానీ, మా లంకలో చుట్టకి నిప్పు అడిగాడంటే కాసేపు కూర్చుంటాడని లెక్క. రేవు దాటి వచ్చినవాడు, పొలం నుంచి తిరిగొస్తున్నవాడు, అక్కడ ఆగి నిప్పు తీసుకుని రెండు కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. చుట్ట తొందరగా కాలే వస్తువు కాదు. సిగరెట్టు నిలబడి కాల్చి పారేస్తారు. చుట్ట కాల్చాలంటే కూర్చోవాలి. మధ్యలో ఆరిపోతుంది, మళ్ళీ ముట్టించుకోవాలి, ఆ సందులో ఎదుటివాడి మాట వినాలి. నేను ఇష్టపడ్డది ఆ నిదానాన్నే.

ఇక చెరుపు సంగతి. ఉద్యోగం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి పక్కన ఒక ఊళ్ళో ఉన్నాను. ఇల్లుగలావిడ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, చేటలో బియ్యం చెరుగుతూ ఉండేది. మొదటిసారి చూసి నిర్ఘాంతపోయాను. మధ్యమధ్యలో చుట్ట తీసి, బూడిద ఉమ్మి, మళ్ళీ అలాగే తిప్పి పెట్టుకునేది. ఎందుకమ్మా ఇలా అంటే, "గాలికి ఆరిపోదు బాబూ, చేతులు ఖాళీగుంటాయి" అంది. ఆ వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవారు. కొన్నాళ్ళకి కారం తగిలితే నోరు భగ్గుమంటోందని అన్నం పెరుగుతోనే తినడం మొదలుపెట్టింది. అంగిలి మీద తెల్లమచ్చ, తరవాత పుండు. విశాఖపట్నం తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి తిరిగొచ్చాక ఎక్కువకాలం బతకలేదు. మాట సరిగ్గా రాక సైగలు చేసేది. అద్దె ఇస్తుంటే, భోంచేశావా అన్నట్టు చెయ్యి నోటి దగ్గర పెట్టి అడిగేది.

ఇది వైద్యులకి తెలియని సంగతేం కాదు. ఆంధ్రలో 10,169 మంది పల్లెజనం అంగిళ్ళు పరీక్షించి, అడ్డపొగకీ ఆ మచ్చలకీ సంబంధం రాసిన పరిశీలన 1971లోనే ఇంగ్లండు వైద్య పత్రికలో అచ్చయింది. టెక్కలి పక్క ఊరికి మాత్రం ఆ కబురు చేరలేదు. ఆవిడకి అక్షరం రాదు. ఇప్పుడు పొగాకు పెట్టెల మీద పుండు బొమ్మ వేస్తున్నారు కదా, 2016 ఏప్రిల్ నుంచి పెట్టె ముందూ వెనకా 85 శాతం ఆ బొమ్మా, హెచ్చరికా ఉండాలన్నారు కదా, దాన్ని చూసి మొహం తిప్పుకునేవాళ్ళని, అసహ్యంగా ఉందని విసుక్కునేవాళ్ళని చూశాను. నాకు ఆ బొమ్మ మీద ఏ ఫిర్యాదూ లేదు. ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో, చదువు రాని ఆడవాళ్ళకి చూపించడానికి అలాంటి బొమ్మ ఒక్కటి ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో.

బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదన్న చట్టం కూడా నాకు సమ్మతమే, మనస్ఫూర్తిగా. పాత ఎర్రబస్సుల్లో ప్రయాణం చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. "పొగ త్రాగరాదు" అని డ్రైవరు వెనక రాసి ఉండేది, ఆ అక్షరాల కిందే ఎవడో ఒకడు ముట్టించేవాడు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. వద్దనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. 1989 రైల్వే చట్టంలో వంద రూపాయల దాకా జరిమానా ఉంది. ఉన్నా బోగీ తలుపుల దగ్గర మబ్బు కమ్మినట్టుండేది. 2001 నవంబరు 2న, మురళీ దేవరా అనే రాజకీయ నాయకుడు వేసిన కేసులో, బహిరంగ ప్రదేశాల్లో పొగ ఆపించమని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. 2008 గాంధీ జయంతి నుంచి కొత్త నిబంధనలు, రెండు వందల దాకా జరిమానా వచ్చాక నిజంగా మార్పు కనబడింది. మా ఆఫీసులో ఫైళ్ళ మీద బూడిద రాలడం ఆగిపోయింది. నా ఇష్టానికి ఇంకొకడి ఊపిరితిత్తులు పన్ను కట్టకూడదు. ఆ చట్టం బహిరంగ ప్రదేశం అంటే ఏమిటో చెబుతూ, ఆరుబయలును మినహాయించింది. ఆ మినహాయింపు రాసినవాళ్ళకి మనిషి గురించి తెలుసు.

అయితే అదే చట్టం కింద ముప్పై గదులున్న హోటలు, ముప్పైమంది కూర్చునే రెస్టారెంటు విడిగా పొగ తాగే చోటు పెట్టుకోవచ్చు. డబ్బున్నవాడి సిగారుకి చల్లటి గది ఉంది. రేవు దగ్గర టీకొట్టుకి లేదు. టీకొట్టులో ఉండాలని అడగడం లేదు. హోటల్లో కూడా తీసెయ్యమంటున్నాను. ఆ గది తుడిచే కుర్రాడి ఊపిరీ ఊపిరే కదా.

పన్ను దగ్గరికొస్తే నా బాధ వేరు. పొగాకు మీద పన్ను ఉండాలి, గట్టిగానే ఉండాలి. ఆ డబ్బు ఆస్పత్రుల్లో క్యాన్సరు వార్డులకి వెళ్ళాలి. కానీ 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పట్టికలో చుట్టను ఎక్కడ పెట్టారో చూడండి. సిగార్లు, చుట్టలు ఒకే వరస. 28 శాతం జీఎస్టీ. దాని పైన సెస్సు అనే అదనపు పన్ను 21 శాతం, లేదా వెయ్యింటికి 4,170 రూపాయలు, రెంటిలో ఏది ఎక్కువైతే అది. వెయ్యికి 4,170 అంటే చుట్టకి నాలుగు రూపాయల పదిహేడు పైసలు. క్యూబా నుంచి దిగుమతై, గాజుపెట్టెలో ఉండే వెయ్యి రూపాయల సిగారు మీద సెస్సు 210 రూపాయలు, నూటికి ఇరవై ఒకటి. అయిదు రూపాయల నాటు చుట్ట మీద ఆ నాలుగు రూపాయల పదిహేడు పైసలు పెడితే నూటికి ఎనభై మూడు. బీడీకి మాత్రం సెస్సే పెట్టలేదు. కొద్ది ఎత్తున చుట్టి అమ్ముకునేవాళ్ళ అమ్మకాలు జీఎస్టీ రిజిస్ట్రేషను హద్దుకి లోపలే ఉండేవి కాబట్టి చాలామందికి ఇది తగిలేది కాదు, నిజమే. కానీ పదిమంది ఆడవాళ్ళు కలిసి, ఆకు కొని, చుట్టి, పేరు పెట్టుకుని, నాలుగూళ్ళకి అమ్ముదామనుకుంటే మొదటి మెట్టులోనే ఈ లెక్క ఎదురొచ్చేది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి మళ్ళీ కూర్చుని బీడీకి 18 శాతం, మిగతా పొగాకు సరుకులకి 40 శాతం అని తీర్మానించింది. చుట్ట మళ్ళీ ఆ మిగతాలోనే.

బీడీకి ఆ దయ ఎందుకంటే బీడీ చుట్టే ఆడవాళ్ళు లక్షల్లో ఉన్నారు కాబట్టి. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఏ గుమ్మంలో చూసినా చేటలో తునికాకు కనబడుతుంది. వాళ్ళకి సంఘాలున్నాయి. 1976 నుంచి సంక్షేమ నిధి చట్టం ఉంది. తెలంగాణలో పింఛను కూడా ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే, అందులో ఒక్క పైసా తగ్గకూడదు. చుట్టల మామ్మ చేసిన పనీ అదే పని కదా అన్నదే నా ప్రశ్న. 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టమని ఒకటి వచ్చింది. పేరులో సిగారు కూడా ఉండేది. మా లంకలో ఆ చట్టం పేరెత్తిన మనిషిని నేను చూడలేదు.

ఇప్పుడు నేనుండేది హైదరాబాదులో, అపార్టుమెంటులో. ఇంట్లో ముట్టించను, బాల్కనీలోనూ ముట్టించను. పైవాళ్ళకి చంటిపిల్ల ఉంది. భోజనమయ్యాక డాబా మీదకి వెళ్తాను. చుట్టను చెవి దగ్గర పెట్టి వేళ్ళతో మెల్లగా నొక్కితే, తడి ఎక్కువుంటే చప్పుడు రాదు, బాగా ఆరితే చిటపటలాడుతుంది. రెంటికీ మధ్య సన్నటి చప్పుడొకటి ఉంటుంది, అది వస్తే ఆకు పాకంలో ఉన్నట్టు. అగ్గిపుల్ల మంట తగలకుండా, సెగ మీద తిప్పుతూ ముట్టిస్తాను. మొదటి నాలుగు పీల్పులు గరుకు. తరవాత కమ్మదనం వస్తుంది. మంచి ఆకైతే బూడిద తెల్లగా, రాలకుండా నిలబడుతుంది. పొగ నోటి దాకానే, లోపలికి మింగను. దానివల్ల నాకు ముప్పు లేదని కాదు, నోటికీ గొంతుకీ ఉన్న ముప్పు ఉండనే ఉంది. తెలిసే రోజుకి ఒక్కటి. ఆ ఒక్కటీ అయ్యేలోగా ఫోను ముట్టుకోను. పగలంతా జరిగినవి వరసగా గుర్తుకొస్తాయి, రాయాల్సిన ఉత్తరం, అడగాల్సిన మాట. మా ఆవిడ ఒక్కోసారి పైకొచ్చి, గాలికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మా ఇద్దరికీ తీరిగ్గా మాట్లాడుకునే వేళ అదొక్కటే. మనవడు పైకొస్తే ఆర్పేస్తాను. వాడు ఒకసారి వాసన చూస్తానంటే కాల్చని చుట్ట చేతిలో పెట్టి, మండె అంటే ఏమిటో, వాళ్ళ ముత్తాత చెయ్యి దూర్చి ఎలా చూసేవాడో చెప్పాను. కాల్చమని మాత్రం వాడికి ఏ వయసులోనూ చెప్పను. టెక్కలి ఆవిడ సంగతి కూడా వాడికి చెప్పాను.

మొన్న సంక్రాంతికి లంక వెళ్ళాను. పొగాకు వేసిన చెక్కలు బాగా తగ్గిపోయాయి. అరటి, కూరగాయలు ఎక్కువయ్యాయి. రైతుకి అదే మంచిదైతే సంతోషమే. మేనల్లుడు రెండు సెంట్లలో ఇంటి వాడకానికని వేస్తున్నాడు. చుట్టల మామ్మ కూతురు ఇంకా చుడుతోంది, అడిగినవాళ్ళకి మాత్రమే. అదే పీట. కుంపటి లేదు, లైటరుంది. ఈనె చీల్చడంలో వాళ్ళమ్మ చెయ్యే.

"పింఛను వస్తోందా అమ్మా?" అని అడిగాను.

"వస్తోందండి, ముసలాళ్ళ పింఛను. చుట్టలోళ్ళకంటూ ఏముందండి? ఏ రాతలోనూ లేమండి మేం" అంది.

మా లంక ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో చేనేతవాళ్ళకి, గీత కార్మికులకి, మత్స్యకారులకి, చర్మకారులకి, డప్పు కళాకారులకి పింఛను పట్టికలో విడిగా వరసలున్నాయి. ఎంతో న్యాయం. ఆ పట్టికలో చుట్టలు చుట్టేవాళ్ళ వరస ఒకటి కలపమని, జీఎస్టీలో చేత్తో చుట్టిన నాటు చుట్టను బీడీ వరసలోకి మార్చమని ఒక అర్జీ రాశాను. అక్కడే అరుగు మీద కూర్చుని తెలుగులో, ఆవిడకి చదివి వినిపిస్తూ రాశాను. ఆవిడ వేలిముద్ర వేసింది. మేనల్లుడు సంతకం పెట్టాడు. పడవ నడిపే ఇద్దరూ పెట్టారు. ఇంకో ఇరవై మంది సంతకాలయ్యాక కలెక్టరుగారికి ఇస్తానన్నాడు మేనల్లుడు. చుట్టలకి డబ్బులివ్వబోతే ఆవిడ కట్టకి పది రూపాయలు తగ్గించింది. తగ్గించొద్దని పూర్తి ధర ఇచ్చాను.